జీడిపప్పు ఇంగ్లీషు

నర్సీపట్నానికి ఇంగ్లీషు తెచ్చింది దొరలు కాదు, మా నానమ్మ అప్పయ్యమ్మ. ఆవిడకు ఏబీసీడీలు రావు. అయినా తొంభైల్లో వీధి పిల్లలంతా సాయంత్రమయ్యేసరికి ఆవిడ అరుగు మీదే ఇంగ్లీషు పుస్తకాలు తెరిచేవారు. ఒకరు ఒక వాక్యం చదివి పలక మీద రాయాలి, రాసింది ఇంకొకరు చదవాలి. రెండూ ఒకేలా వినిపిస్తే నానమ్మ కొంగుముడి విప్పి ఇద్దరికీ వేయించిన జీడిపప్పు పెట్టేది. ఒకరోజు ఎదురింటి వాసు జీడిపప్పు ఆశకొద్దీ నోటికొచ్చిన కూతలన్నీ ఇంగ్లీషులా గడగడా చదివేశాడు. నానమ్మ తలూపుతూ విని, "బాగా సదివేవురా, ఇప్పుడదే రాయి" అంది. వాసు బలపం నములుతూ కూర్చున్నాడు. జీడిపప్పు నానమ్మ నోట్లోకి పోయింది. "ఏబీసీడీలు రాని పంతులమ్మా!" అని పదో తరగతి తప్పిన మా అక్క ఎగతాళి చేస్తే, నానమ్మ నమలడం ఆపకుండానే అంది: "నాకు రాపోయినా ఆళ్లకొచ్చింది. బడికెళ్లిన నీకేటొచ్చిందే?"