అల్లుడి ఆవిరి, నా బీడీ

నా చేతిలో బీడీ ఏదని పొద్దుటి నుంచి ముగ్గురు అడిగారు. చెప్తాను. కానీ చాయ్ తాగేటప్పుడు నవ్వొద్దు, ముక్కులోకి పోతుంది. నిన్న వికారాబాద్ స్టేషన్‌లో నేనే పోయి పోలీసులకు దొరికాను. వాళ్ళు నన్ను పట్టుకోలేదు, జర గుర్తుపెట్టుకోండి. నేనే పిలిచి నన్ను పట్టిచ్చుకున్నాను!

ఆదివారం నా బిడ్డ సరిత, అల్లుడు శ్రీకాంత్ తాండూరుకు వచ్చారు. వాళ్ళది వికారాబాద్, అక్కడ పైపుల దుకాణం. అల్లుడు మంచోడు. నా ముందర కాలు మీద కాలు వేసుకుని కూర్చోడు. మా ఆవిడ అనసూయ నాటుకోడి వండింది. అందరం కడుపునిండా తిన్నాం. తిన్నాక నాకు బీడీ పడాలి కదా, ఇంటి వెనక్కి పోయాను.

అక్కడ మామిడిపండు వాసన! కందులు కోసే కాలంలో మామిడిపండు ఎక్కడిదని చూస్తే, నాపరాళ్ళ కుప్ప దగ్గర అల్లుడు నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే చేతిలోది గబుక్కున ప్యాంటు జేబులో పెట్టాడు. ఆ జేబులోంచి తెల్లగా పొగ లేస్తోంది.

"అల్లుడా, జేబు కాలుతుంది!" అని అరిచాను. పక్కనే బర్రె కోసం పెట్టిన బకెట్ ఉంది. ఎత్తి మొత్తం ఆయన మీద గుమ్మరించాను. కుడితి నీళ్ళు. కొత్త ప్యాంటు.

"మామా, అది పొగ కాదు, ఆవిరి!" అన్నాడు, నెత్తి మీది నుంచి తవుడు కారుతుంటే.

జేబులోంచి తీసి చూపించాడు. పెన్ను లెక్క ఉంది. వేప్ అంటారట. పీలిస్తే ఆవిరి వస్తుందట.

"లోపల ఏముంది?"

జర నసిగాడు. "హెంప్ ఆయిల్ మామా. అంటే... గంజాయి జాతి మొక్కదే. కానీ మత్తు రాదు. నిద్ర మంచిగ పడ్తది. ఒక దోస్తు ఇచ్చిండు. మొత్తం లీగల్."

"గంజాయి లీగల్ ఎట్లయితది?"

"చానా దేశాల్ల లీగలే మామా."

"మనం ఉన్నది తాండూరుల."

అల్లుడిని మామ తిట్టకూడదు. మా దిక్కు అది పద్ధతి. తిడితే ఆ మాట తిరిగి తిరిగి బిడ్డకే తగులుతుంది. పైగా సరితకు ఈ సంగతి తెలియదు. తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది. అందుకని తిట్టకుండా పందెం కట్టాను. "రేపు మీతోనే వికారాబాద్ వస్త. కోర్టు కాడ నాకు తెలిసిన వకీలు ఉన్నడు, అడుగుదాం. చట్టం వద్దంటే నువ్వు బంద్ పెట్టాలె."

"మరి మీ బీడీ?"

"బీడీ మా తాతల నాటిది. దానికేం బాధ? చట్టం దాన్ని వద్దన్ననాడు నేను గూడ మానేస్త, పో!"

నోరు ఊరికే ఉండదు కదా.

పొద్దున్నే రైలెక్కాం. ఆ వేప్ నా అంగీ జేబులో, బీడీ కట్ట పక్కన పెట్టుకున్నాను. అల్లుడి చేతిలో ఉంటే దారిలో ఎక్కడో పారేసి పోయిందంటాడని నా తెలివి. మీకు తెలుసు కదా, నేను నాగలి పట్టిన చేత్తో రాత్రి బడిలో పలక పట్టినోణ్ణి. కష్టపడి నేర్చుకున్న అక్షరాలు, వదిలిపెట్టబుద్ధి కాదు. బోర్డు కనిపిస్తే పైకి చదవాల్సిందే. "తలుపు వద్ద నిలబడరాదు" అని చదివాను. "గొలుసు లాగినచో శిక్షార్హులు" అని చదివాను. ఎదురుగా కూర్చున్న ఆమె తన సంచి దాచుకుంది, అది కూడా చదువుతానేమోనని.

సరిత ముక్కు ఎగబీల్చింది. "నాయినా, నీ కాడికెల్లి మామిడిపండు వాసనొస్తుందేంది?"

"సబ్బు బిడ్డా. మీ అమ్మ కొత్త సబ్బు తెచ్చింది."

అల్లుడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. పోయే ప్రతి కరెంటు స్తంభాన్నీ చూస్తున్నాడు.

వికారాబాద్‌లో దిగాం. ప్లాట్‌ఫాం మీద పోలీసులు, ఒక ఎస్సై, పక్కన నల్ల కుక్క. గంజాయి చెకింగ్ అట. వచ్చిపోయే సంచులన్నీ కుక్క వాసన చూస్తోంది. అల్లుడి ముఖం సున్నం కొట్టినట్టయింది. నా చెవిలో, "మామా, గది ఇటియ్యి. పట్టాల మీద పారేస్త," అన్నాడు.

"ఎందుకు? లీగల్ అన్నవ్ గద!"

"అన్న గానీ..."

అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. నాకు ఆలోచనలు రాకూడదని అనసూయ ఎప్పుడూ అంటుంది. వకీలు దగ్గరికి పోవాలి, గంటసేపు కూర్చోవాలి, ఆయన ఇటు అంటే ఇంకో ఆయన అటు అంటాడు. చట్టమే ఖాకీ బట్టలు వేసుకుని ఎదురుగా నిలబడితే ఇంకెక్కడికో పోవడం ఎందుకు? అల్లుడు చెయ్యి పట్టి లాగుతున్నా విడిపించుకుని సీదా ఎస్సై దగ్గరికి పోయాను.

"సార్, నమస్తే. జర ఒక్క మాట చెప్పాలె. ఇది లీగలా, కాదా?" అని వేప్ చేతిలో పెట్టాను. "లోపల గంజాయి మొక్క నూనె ఉందట."

ఎస్సై దాన్ని చూశాడు. నన్ను చూశాడు. నా పంచె చూశాడు. కుక్కను పట్టుకున్న కానిస్టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"పెద్దాయనా," అన్నాడు ఎస్సై నిమ్మళంగా, "ఇది ఎవరిది?"

వకీలు ఏమడిగినా చెప్పాలని అన్ని ప్రశ్నలకు జవాబులు తయారుచేసుకున్నాను. ఈ ఒక్క ప్రశ్న వస్తుందని తోచనే లేదు! వెనక్కి చూస్తే సరిత నిలబడి ఉంది. ఆమె పక్కన అల్లుడు, పట్టాల మీద దూకాలా వద్దా అన్నట్టున్నాడు. అల్లుడిదంటే బిడ్డ కాపురంలో నిప్పు పోసినట్టే.

"నాదే సార్," అన్నాను.

"నాయినా!" సరిత కేకకు చాయ్ అమ్మేటాయన కూడా ఆగిపోయాడు. "ఈ వయసుల నీకు గంజాయేంది? సిగ్గు లేదా? అమ్మకు ఎరుకేనా? సబ్బు అంటివి గదా!"

"నిద్ర పడ్తలేదు బిడ్డా..."

"నిద్ర పడ్తలేదా? పొద్దుమూకంగ పంటే కోడి కూసేదాంక లేవవు!"

ఎస్సై మీసం కింద ఏదో కదిలింది. "సరే, నీదే అంటున్నవ్ గద. దీన్ని ఎట్ల తాగుతవ్, చెప్పు తాతా."

ఇదేం పెద్ద సంగతి అనుకున్నాను. తీసుకుని నోట్లో పెట్టుకున్నాను. అలవాటున్న చెయ్యి కదా, దాని పని అది చేసింది. జేబులోంచి అగ్గిపెట్టె తీసి, పుల్ల గీసి, ఆ వేప్ కొసకు పెట్టాను.

"ఏయ్, ఏయ్!" అని ఎస్సై గుంజుకున్నాడు. "అది బ్యాటరీ తాతా! పేలుతది!" ఇంక ఆయన ఆపుకోలేకపోయాడు. కానిస్టేబుల్ అటు తిరిగి నవ్వుతున్నాడు. నేను మాత్రం నాదే, నాదే అంటూనే ఉన్నాను. ఒకసారి అన్నాక వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు.

అప్పుడు అల్లుడు ముందుకొచ్చాడు. "సార్, నాది. మామకు ఏం తెల్వది."

సరిత అల్లుడి వైపు తిరిగింది. ఒక్క చూపు చూసింది. ఆ చూపుకు పోలీసు కుక్క కూడా రెండడుగులు వెనక్కి పోయి కూర్చుంది.

ఎస్సై అల్లుడికి చట్టం చెప్పాడు. లోపల ఏమున్నా సరే, ఈ వేప్ అనేదే మన దేశంలో బంద్. అమ్మొద్దు, కొనొద్దు, దాచిపెట్టొద్దు. లోపల గంజాయి సారం ఉంటే అది ఇంకో కేసు, దాంట్లో జైలే. డాక్టరు చీటీ రాసిచ్చే నూనె మందులు వేరు. దోస్తు జేబులోంచి తీసి ఇచ్చేది మందు కాదు. కుక్క ముందర పెడితే వాసన చూసి ముఖం తిప్పుకుంది. అయినా పరీక్షకు పంపుతామని, దోస్తు పేరు, నంబరు రాసుకుని, పిలిచినప్పుడు రావాలని చెప్పి వదిలాడు.

"విన్నవా అల్లుడా? ఇల్లీగల్!" అన్నాను. గెలిచాను కదా!

పోయి బెంచీ మీద కూలబడ్డాను. పక్కన అల్లుడు తల వంచుకుని కూర్చున్నాడు. సరిత నిలబడి ఆయనకు క్లాస్ తీసుకుంటోంది. ఇంత పరేషాన్ తర్వాత మనిషికి ఏం కావాలి? బీడీ తీశాను. ముట్టించాను. హాయిగా ఒక్క దమ్ము లాగి వదిలాను.

పోలీసు కుక్క తుమ్మింది.

వేప్‌ను చూసి ముఖం తిప్పుకున్న కుక్క, నా బీడీకి వరసపెట్టి తుమ్ముతోంది. కానిస్టేబుల్ తిరిగి చూశాడు. ఎస్సై తిరిగి చూశాడు. తర్వాత ఇద్దరూ నన్ను కాదు, నా తల పైన చూశారు.

"నాయినా," అంది సరిత, రాత్రి బడి పంతులు లెక్క ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, "చదువు. పొ... గ... తా... గ... రా... దు."

నా నెత్తి మీదనే బోర్డు! బర్రె కూడా చదివేటంత అక్షరాలు! కింద ఇంకా చిన్నగా, తాగితే చట్టప్రకారం జుర్మానా అని కూడా ఉంది. ఎస్సై రసీదు పుస్తకం తీసుకుని వచ్చాడు. "తాతా, లీగలా కాదా అని అడగవా దీన్ని?" అన్నాడు.

అల్లుడు అప్పుడు తల ఎత్తాడు. "మామా, చట్టం వద్దన్ననాడు మానేస్తనన్నరు."

"స్టేషన్ల వద్దన్నది, ఇంటికాడ కాదు!" అని వాదించాను. గట్టిగానే వాదించాను. కానీ సరిత అప్పటికే నా జేబులోంచి బీడీ కట్ట తీసి చెత్తడబ్బాలో వేసేసింది. అగ్గిపెట్టె కూడా.

సాయంత్రం ఎస్సై నుంచి అల్లుడికి ఫోన్ వచ్చింది, ఆ దోస్తును పిలిచి అడిగితే ఒప్పుకున్నాడట. ఆ వేప్‌లో గంజాయి లేదు, ఏమీ లేదట. మామిడిపండు సెంటు కలిపిన నూనె. అల్లుడికి అన్ని రోజులూ నిద్ర ఎట్లా పట్టిందో ఆ దేవుడికే తెలియాలి.

ఇంటికొచ్చి అనసూయకు మొత్తం చెప్పాను. ఆమె నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుని, "పెండ్లయిన కాడికెల్లి బీడీ మానుమని నేను మొత్తుకుంటే వినకపోతివి. కుక్క ఒక్కసారి తుమ్మితే మానినవా?" అంది.

ఒక్కసారి కాదు, చాలాసార్లు తుమ్మిందని చెప్పాను. ఏ మాటకామాట చెప్పాలి కదా!