ఇటలీ కుర్చీ

మా మేడమ్ గారు పోయారు. ఫిబ్రవరిలో ఒక మంచు ఉదయం, బస్సు కోసం నిలబడి ఉంటే వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. "ఆంటీ, మామ్ పాస్డ్ దిస్ మార్నింగ్. నిద్రలోనే" అన్నాడు. ఆ చివరి మాట ఒక్కటే తెలుగులో అన్నాడు. వచ్చిన బస్సు ఎక్కలేకపోయాను. కాసేపు అక్కడే నిలబడి, తర్వాతి బస్సులో బడికే వెళ్లాను. నా స్థానంలో ఆవిడ ఉన్నా అదే చేసేవారు.

ఆవిడ మీకు తెలిసే అవకాశం తక్కువ. కెనడాలోని హాలిఫాక్స్‌లో ఒక హైస్కూల్లో చరిత్ర చెప్పిన తెలుగు టీచరు. డాక్టరు గారి భార్యగా కాకినాడ నుంచి వచ్చి, ఇక్కడ మళ్లీ చదువుకుని, ఉద్యోగం తెచ్చుకున్నారు. నేను వరంగల్ నుంచి వచ్చి, టీచింగ్ లైసెన్స్ కోసం నానా తిప్పలు పడి అదే బడిలో చేరితే, మొదటి ఏడాది ఆవిడ క్లాసులో కూర్చుని నేర్చుకోమన్నారు. నేను మేడమ్ అనేదాన్ని, ఆవిడ నన్ను అమ్మాయ్ అనేవారు. నాకు జుట్టు నెరిశాక కూడా ఆ పిలుపు మారలేదు.

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలం ఆవిడకి ప్రాణం. ఆ పాఠం చాలా బళ్లలో ఒక్క పూటలో అయిపోతుంది. నానాజాతి సమితి పెట్టారు, అది ఫెయిలైంది, మళ్లీ యుద్ధం వచ్చింది, పుస్తకం మూసెయ్యండి. పరీక్షలో ఎవరైనా "సమితి ఫెయిలైంది" అని రాసి ఊరుకుంటే ఆవిడ ఎర్ర సిరాతో అడ్డంగా గీసేవారు. "సమితి అని ఒక మనిషి లేడు. ఎవరు ఏం చెయ్యకుండా కూర్చున్నారో పేరు పెట్టి రాయండి" అనేవారు.

ఫెయిలవని రోజుల గురించి ఇంకా ఇష్టంగా చెప్పేవారు. గ్రీసు, బల్గేరియా సరిహద్దులో కాల్పులు మొదలైతే సమితి ఆపించిన సంగతి. జర్మనీ అంచున సార్ అనే ప్రాంతంలో జనం ఓటేసేటప్పుడు గొడవలు జరగకుండా నాలుగు దేశాల సైనికులు కాపలా కాసిన సంగతి. "వచ్చారు, నిలబడ్డారు, ఓటింగయ్యాక వెళ్లిపోయారు. అంతే. ఆ అంతే కోసమే ఈ పాఠం" అనేవారు. మా ఊళ్లో నేవీ వాళ్ల పిల్లలు ఎక్కువ. ఒకసారి ఒక కుర్రాడు, మా నాన్న శాంతిదళంలో వెళ్లొచ్చాడు గానీ అక్కడ ఏమీ జరగలేదట అని చిన్నబుచ్చుకుంటే, ఆవిడ వాడి బల్ల దగ్గరికి వెళ్లి, "ఆరిపోయిన నిప్పుకి ఎవరూ ఫొటో తియ్యరు నాన్నా" అన్నారు. వాడికి ఇంగ్లీషులోనే చెప్పారు, ఆ చివరి "నాన్నా" తప్ప.

పాఠం చివర్లో సమితి సభ జరిపించేవారు. బల్లలన్నీ గుండ్రంగా వేయించి, ఒక స్టీలు డబ్బాలో దేశాల పేర్లు రాసిన చీటీలు వేసి, పిల్లలతో తీయించేవారు. అది ఒకప్పుడు ఇంగువ డబ్బా. ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన పోలేదు. ఫ్రాన్స్, స్వీడన్, పెరూ అన్నీ ఇంగువ వాసనే. పిల్లలు ముక్కు మూసుకుని నవ్వుతుంటే, "ఘాటు లేని రాజకీయం ఎక్కడుందిలే" అని తనూ నవ్వేవారు. ప్రతి చీటీ వెనకా ఆ దేశం భయం ఒకటి, ఆశ ఒకటి రాసి ఉండేవి. ఇటలీ అబిసీనియా మీదికి దండెత్తింది, ఇప్పుడేం చేద్దాం అన్నది సభ ముందున్న ప్రశ్న. ఆవిడ నియమం ఒకటే. వచ్చిన చీటీ మార్చుకోకూడదు. ఏ దేశంలో పుట్టాలో ఎవరూ ఎంచుకోలేదు కదా అనేవారు.

నేను చేరిన ఏడాది ఒక అమ్మాయికి ఇటలీ వచ్చింది. ఆ పిల్లది ఇథియోపియా కుటుంబం. అబిసీనియా అంటే వాళ్ల దేశమే. చీటీ విప్పి చూసుకుని, బల్ల మీద పెట్టి, "నేను చెయ్యను" అంది.

"ఒక్క చీటీ మారిస్తే ఏం పోతది మేడమ్?" అన్నాను నేను పక్కనుంచి మెల్లగా.

"ఈ పిల్లకి మారిస్తే రేపు ఇంకొకరికి మార్చాలి అమ్మాయ్" అన్నారావిడ. తెలుగులో అన్న ఆ మాట పిల్లలకి అర్థం కాకపోయినా ఆవిడ ముఖం అర్థమైంది. ఆ అమ్మాయి బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ తర్వాత రోజూ రాలేదు. చరిత్ర క్లాసు మానేస్తానని ఆఫీసులో చెప్పిందని తెలిసింది.

ఇంకొకరైతే ఇంటికి ఈమెయిల్ పంపి చేతులు దులుపుకునేవారు. ఆవిడ ఇంటికి ఫోన్ చేసి, రావచ్చా అని అడిగి, నన్ను వెంటేసుకుని ఫెర్రీ ఎక్కారు. ఆ అమ్మాయి వాళ్లు హార్బర్‌కి అవతలి ఒడ్డున ఉండేవాళ్లు. తలుపు తీసింది ఆ పిల్ల అమ్మమ్మ. మమ్మల్ని కూర్చోబెట్టి, పచ్చి కాఫీ గింజలు మా ముందే పెనం మీద వేయించి, ఆ పొగ మా వైపు విసిరి, దంచి, నిదానంగా కాచి ఇచ్చింది. మొదటి కప్పు అయ్యేదాకా ఎవరూ అసలు సంగతి ఎత్తలేదు. కాకినాడ డికాషన్ తప్ప వేరే కాఫీని లెక్కచెయ్యని మా మేడమ్ గారు ఇంకో కప్పు అడిగి మరీ తాగారు.

అప్పుడు అమ్మమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి తలొంచుకుని ఇంగ్లీషులోకి మార్చింది. అమ్మమ్మ వాళ్ల నాన్న ఆ యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదట. శవం కూడా దొరకలేదట.

"ఆ బల్ల దగ్గర మా గురించి ఎవరైనా మాట్లాడారా?" అని అడిగింది అమ్మమ్మ.

"చాలామంది మాట్లాడారమ్మా. బాగా మాట్లాడారు. ఇటలీకి వెళ్లే చమురు మాత్రం ఆపలేదు" అన్నారు మేడమ్ గారు.

ముసలావిడ తల ఊపింది. తర్వాత ఇంకో ప్రశ్న వేసింది. దాన్ని మార్చి చెప్పడానికి మనవరాలు కొంచెం తటపటాయించింది. "మీ సభలో మీరు ఎక్కడ కూర్చుంటారు అని అడుగుతోంది."

మేడమ్ గారు కప్పు కింద పెట్టి, కాఫీకి థాంక్స్ చెప్పి లేచారు.

తిరుగు ఫెర్రీలో కిటికీ పక్కన కూర్చున్నారు. ఒడ్డు దగ్గర పడుతుండగా, "నేను కూర్చోను అమ్మాయ్" అన్నారు. నాకు అర్థం కాలేదు. "పిల్లల్ని కూర్చోబెట్టి, చెడ్డ మాటలు వాళ్లచేత అనిపించి, నేను మాత్రం బోర్డు దగ్గర నిలబడతాను. ఇన్నాళ్లూ అదే చేశాను" అన్నారు.

మర్నాడు ఆ అమ్మాయి వచ్చింది. మేడమ్ గారు ఇటలీ చీటీ తను తీసుకుని, అబిసీనియా కుర్చీ ఆ పిల్లకి చూపించి, ఎదురుగా కూర్చున్నారు. ఆగిపోయిన సభ మొదలైంది. ఆవిడ కేకలెయ్యలేదు, బల్ల గుద్దలేదు. ఎంతో మర్యాదగా, అబిసీనియాకి ఈ సభలో కూర్చునే అర్హతే లేదని, అది నాగరికత తెలియని దేశమని, మేము వెళ్లేది వాళ్ల మేలు కోసమేనని చెప్పుకుపోయారు. ఇటలీ వాదన నిజంగా అదే. అంత ఇష్టమైన టీచరు నోట ఆ మాటలు వింటుంటే పిల్లల ముఖాలు మాడిపోయాయి.

తర్వాత ఒక్కొక్కరూ తమ చీటీ వెనకున్న భయం చూసుకున్నారు. ఫ్రాన్స్‌కి జర్మనీ భయం, ఇటలీతో చెడితే ఎలా అని. బ్రిటన్‌కి తన యుద్ధనౌకలు పోతాయేమోనని భయం. ఆంక్షలు పెడదామన్నారు. చమురు దగ్గరికి వచ్చేసరికి, దాని సంగతి తర్వాత చూద్దామన్నారు. ఎవరూ వాళ్లకి అలా చెప్పమని నేర్పలేదు. ఆ అమ్మాయి చుట్టూ చూసి, "మీరంతా నా ఫ్రెండ్స్" అంది. అంతకంటే ఏమీ అనలేదు. ఫ్రాన్స్ కుర్చీలో ఉన్న పిల్ల ఏడ్చేసింది.

గంట కొట్టినా మేడమ్ గారు లేవలేదు. పిల్లలు ఒక్కొక్కరే చీటీ డబ్బాలో వేసి, ఆవిడ వైపు చూసీ చూడనట్టు వెళ్లిపోయారు. ఆ అమ్మాయి అందరికంటే ఆఖర్న వచ్చి, చీటీ వేసి, కాసేపు నిలబడి వెళ్లింది. అప్పుడు లేచారు. "వాళ్లు నన్ను తిట్టుకుంటూ ఇంటికెళ్లాలి. నేను ముందే లేచి నవ్వేస్తే అది ఉత్త నాటకమైపోతుంది" అన్నారు.

ఆ ఏడాది నుంచి డబ్బాలో ఇటలీ చీటీ వెయ్యలేదు. అది ఆవిడదే. రిటైరయ్యాక కూడా ఆ ఒక్క రోజు కోసం ప్రతి మార్చిలో బడికి వచ్చేవారు. మంచులో కారు నడపడానికి భయం, అందుకని బస్సులోనే. కిందటేడు మెట్లు ఎక్కలేకపోతే పిల్లలే చెరో చెయ్యీ పట్టుకుని తీసుకొచ్చారు. ఆవిడ కూర్చుని, అదే మర్యాదతో, అవే మాటలు అన్నారు.

అంత్యక్రియలకి ఆ ఇథియోపియా అమ్మాయి వచ్చింది. ఇప్పుడు హాస్పిటల్లో నర్సు. తన కూతుర్ని కూడా వెంట తెచ్చింది. నన్ను చూసి, చెయ్యి పట్టుకుని, ముందు ఏడ్చింది. తర్వాత, "ఈ ఏడాది ఇటలీ ఎవరు?" అని అడిగింది.

నిజం చెప్పాలంటే, ఈసారి సభ మానేసి వీడియో ఒకటి చూపించేద్దామని అప్పటికే అనుకున్నాను. పిల్లలు నన్ను చూసి ముఖం తిప్పుకోవడం నేను తట్టుకోలేను. ఆవిడకున్న గుండె నాకు లేదు. ఆ మాటే ఆ అమ్మాయితో చెప్పాను.

"ఆవిడకి మాత్రం ఎక్కడుంది?" అంది తను. "ఆ రోజు నేను చీటీ వేస్తుంటే బల్ల కింద ఆవిడ చేతులు వణుకుతున్నాయి. నేను చూశాను."

సభ నిన్న జరిగింది. బల్లలు గుండ్రంగా వేశాం. డబ్బా మూత తియ్యగానే ఇంగువ వాసనకి పిల్లలు నవ్వారు. ఇటలీ చీటీ చేతిలో పట్టుకుని ఆవిడ కుర్చీలో కూర్చున్నాను. చెప్పాల్సినవన్నీ మర్యాదగా చెప్పాను. చమురు సంగతి తర్వాత చూద్దామన్నారు. గంట కొట్టింది. రోజూ వెళ్తూ బై చెప్పే పిల్లలు చీటీలు డబ్బాలో వేసి, నా వైపు చూడకుండా వెళ్లిపోతున్నారు. నేను చేతులు రెండూ బల్ల కింద పెట్టుకుని, ఆఖరి పిల్ల వెళ్లేదాకా కూర్చున్నాను.