పాలుకిచ్చిన పుంజు

పుంగనూరు సంతకు కోళ్లు తీసుకుపోయి, అడిగినవాళ్లున్నా అమ్మకుండా వెనక్కి తెచ్చిన మనిషి మా అమ్మ ఒక్కతే అనుకుంటాను. మా ఊరు సదుం దగ్గర. తొంభైల్లో ప్రతి ఎండాకాలమూ మా ఇంట్లో ఇదే తంతు. పెట్టలు పోటీలు పడి పొదిగేవి, పిల్లల్లో సగానికి పైగా పుంజులయ్యేవి. కాస్త ఈక ముదరగానే అవి ఒకదాన్నొకటి రక్తం కారేలా పొడుచుకునేవి, పెట్టల వీపుల మీద ఈక మిగలనిచ్చేవి కావు. అమ్మక తప్పదు. అమ్మితే కోస్తారు. మా అమ్మకు తన చేత్తో నూకలు చల్లిన కోడి ఇంకొకరి చట్టిలో ఉడకడం ఇష్టం లేదు. అందుకని, పెంచుకునేవాళ్లకే ఇస్తానని షరతు పెట్టింది.

ఆ షరతు పెట్టిన రోజు నుంచి మా చుట్టుపక్కల కోసుకు తినే మనిషే లేకుండా పోయాడు. అందరూ పెంచుకునేవాళ్లే. "పెంచుకునేదానికేమ్మా, ఇంటి ముందర తిరగతాంటే కళగా ఉంటాది" అనేవాళ్లు. ఒక చేతిలో ధనియాలు, లవంగాలు కట్టిన పొట్లం పట్టుకుని, రెండో చేత్తో కోడిని అందుకుంటూ "బిడ్డలు ఆడుకుంటార్లేమ్మా" అన్న మహానుభావుణ్ణి నేను కళ్లారా చూశాను. అమ్మ ఆడపిల్లను ఇచ్చే ఇంటిని విచారించినట్టు విచారించేది. రాత్రి ఎక్కడ మూస్తారు, వీధిలో కుక్కలున్నాయా, నీళ్లు నీడలో పెడతారా. వాళ్లు గంగిరెద్దుల్లా తలలూపేవాళ్లు. వారం తర్వాత అడిగితే గద్ద తన్నుకుపోయిందనో, పిల్లి పట్టిందనో, తెగులు తగిలిందనో అనేవాళ్లు. వాళ్లు చెప్పినన్ని గద్దలు నిజంగా ఉండుంటే మా మండలానికి ఎండ తగిలేది కాదు. అబద్ధం ఆడినందుకు కాదు, ఆ అబద్ధాన్ని కొత్తగా కల్పించే శ్రమ కూడా పడనందుకు నాకు వాళ్లంటే అసహ్యం.

"కోసేదానికి కాకపోతే కోడి యాలమ్మా ఉండేది? దానికి సంబంధాలు సూస్తాండావే" అని మా నాయన నవ్వేవాడు. ఆయన కోడికూరను ఏనాడూ వద్దనలేదు.

అప్పుడు అమ్మకు పాలు పద్ధతి తట్టింది. మా వైపు మేకనో పెట్టనో ఒకరికి పాలుకు, అంటే వాటాకు, ఇస్తారు. మేపేది వాళ్లు, సొత్తు ఇద్దరిదీ, దాని మీద వచ్చేదాంట్లో చెరిసగం. పాలు సొత్తును కోసుకు తిన్నవాణ్ణి ఊళ్లో దొంగ కింద జమ కడతారు. గద్ద కథలు చెప్పేవాడు కూడా అక్కడ జంకుతాడు. అయితే పుంజును పాలుకిచ్చిన వాళ్లు ఎక్కడా లేరు. అది గుడ్డు పెట్టదు, పిల్లల్ని చేయదు. ఊరంతా నవ్వారు. అమ్మ పట్టించుకోలేదు.

ఆ ఏడు ఒకే పొదుగులో పుట్టిన ఎర్ర పుంజులు రెండుండేవి. మా కోళ్లకు గుర్తుగా కుడికాలి చిటికెన వేలు గోరు కత్తిరించేవాళ్లం. వాటికీ కత్తిరించాం. ఒకదాన్ని కుప్పం నుంచి వచ్చిన, మా నాయనకు తమ్ముడి వరసయ్యే ఆయన కొనుక్కుపోయాడు. ఆయనా పెంచుకోవడానికే. రెండోదాన్ని మదనపల్లె పక్కన టమాటా పండించే రైతొకాయన మోపెడ్ మీద వచ్చి అడిగాడు. కోయకూడదు, దాని మీద ఏమొచ్చినా సగం మాకివ్వాలి అంది అమ్మ.

"అట్లేనమ్మా. సగమంటే సగమే" అన్నాడాయన.

కొన్నాళ్లకు పట్టుచీర కోసం మదనపల్లెకు పోయినప్పుడు అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆయన తోటకు పోయింది. పుంజుకు వేప నీడన విడిగా గూడు కట్టి ఉంది. జొన్నలు, ఉడికించిన గుడ్డు, నానబెట్టిన బాదంపప్పు పెడుతున్నారు. ఆయన భార్య దానికి వేన్నీళ్లతో కాపడం పెడుతోంది. తలమీది ఎర్ర జుట్టు కత్తిరించి ఉంది. ఎందుకని అడిగితే "అడ్డమమ్మా" అన్నాడు. దేనికి అడ్డమో అమ్మ అడగలేదు. తిరిగొచ్చే బస్సులో కళ్లు తుడుచుకుంటూ, "ఒక్కడన్నా దొరికినాడు" అంది.

ఆ సంక్రాంతి రోజుల్లో ఒక పొద్దున ఆయన మోపెడ్ మా గడప ముందర ఆగింది. ముఖం వెలిగిపోతోంది.

"నీ పుంజు గెలిచిందమ్మా. కుప్పం అవతల, తమిళనాడు ఎల్లలో పందెం. ఓడిన కోడి గెలిచినోళ్లదే కదా. సగం నీది, తెచ్చినా."

అరటాకు విప్పాడు. కాల్చి, పసుపు పూసి, నిలువునా నరికిన సగం కోడి. అమ్మ దాని కాలు పట్టుకుని చూసింది. చిటికెన వేలికి గోరు లేదు.

"అవతలాయన మీ చుట్టమేనంట గదా, కుప్పం ఆయప్ప" అన్నాడు, మంచి కబురు చెబుతున్నట్టు.

అమ్మ అరటాకు మళ్లీ మూసింది. ఆ తర్వాత, "పెంచుకుంటానని కదప్పా తీసుకుపోయింది" అంది.

"పెంచినా కదమ్మా. నా బిడ్డలకే పెట్టలేదు బాదంపప్పు."

"మల్ల యాల పందేనికి దించితివి?"

"దించకపోతే అంత మేపు యాల మేపుతానమ్మా?"

"దాన్ని తెచ్చి నాకిచ్చెయ్యి."

"పాలు సొత్తు గదా. సగం నాది. ఎట్లిచ్చేది?"

ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. మోపెడ్ తిప్పుకుని పోయాడు. అన్నేళ్లలో మా ఇంటినుంచి కోడిని తీసుకుపోయినవాళ్లలో ఒక్క అబద్ధమూ ఆడనివాడు, కోడిని నిజంగా పెంచినవాడు, ఒప్పుకున్న సగం తెచ్చి ఇచ్చినవాడు ఆయనొక్కడే. మిగతావాళ్లను అసహ్యించుకోవడం నాకు సులువు. ఈయన్ని ఎంత అసహ్యించుకున్నా చాలడం లేదు.

"పసుపు గూడా పూసి తెచ్చినాడు, యాల పారేసేది" అని నాయన పొయ్యి అంటించాడు. రెండుసార్లు వడ్డించుకున్నాడు. అమ్మ ఆ రోజు మజ్జిగన్నం తిని పడుకుంది.

మరుసటి ఎండాకాలం మళ్లీ పుంజులు మిగిలాయి. పుంగనూరు సంతలో గంప ముందు ఒకాయన కూర్చుని ఒక పుంజు రెక్కల కింద వేళ్లు పెట్టి చూస్తూ, "పెంచుకునేదానికేమ్మా" అన్నాడు.

అమ్మ గంప తన వైపు లాక్కుంది.

"పెంచేదానికైతే ఇయ్యనప్పా. ఈపొద్దే కోసుకుంటానంటే తీసుకుపో."