ఎల్లవ్వ కర్రు కాలని రోజు

ఎడమ రొమ్ము కింద చల్లటి జిగురు రాసి నర్సు పిల్ల ఒక బిళ్ల అతికించింది. ఒళ్లు జలదరించింది. సరిగ్గా ఆ జాగాలోనే మా బాపుకు రెండు వాతల మచ్చలుండేవి, పక్కపక్కన, నల్లగా, చిటికెనవేలంత పొడుగున. ఇంకో గంటలో నన్ను లోపలికి తీసుకుపోయి, చేతి నరంలోంచి సన్నటి గొట్టం పంపి, గుండె నాళాల్లో ఎక్కడ పూడిందో చూస్తారట. నర్సు పిల్ల అట్ట మీద కాగితం పెట్టుకుని ప్రశ్నలు మొదలుపెట్టింది. బీపీ ఉందా, షుగర్ ఉందా. రెండూ ఉన్నాయన్నాను. "పొగ తాగుతరా తాతా?" అంది. "లేదమ్మా" అన్నాను. ఎంత తొందరగా అన్నానంటే, పక్కన నిలబడ్డ నా కొడుకు నా మొహంలోకి చూశాడు. బతుకంతా కంపౌండరుగా జనాన్ని ఇదే ప్రశ్న అడిగినవాణ్ణి, పెరటి గోడ చాటున రోజుకు నాలుగు సిగరెట్లు కాల్చుకునే ముసలివాణ్ణి, తడుముకోకుండా అబద్ధం చెప్పాను. ఆ పిల్ల రాసుకుని పక్క మంచం దగ్గరికి పోయింది. నాకు ఎల్లవ్వ యాదికొచ్చింది.

ఎల్లవ్వ మా వాడకట్టులో చివరి ఇంటి మనిషి. కొత్తకోటకు కాలినడకన గంట దూరంలో మాది గొర్లు కాసేవాళ్ల పల్లె. గొర్రెకు కుంటు వచ్చినా, మనిషికి నొప్పి వచ్చినా వాత పెట్టేది ఆమే. అరిగిపోయిన నాగలి కర్రుకు కర్రపిడి బిగించి, పిడకల నిప్పులో ఎర్రగా కాల్చి, తడి గుడ్డ పట్టి చటుక్కున అంటించి తీసేది. అత్త దగ్గర నేర్చుకున్న పని. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. రొమ్ములో నొప్పి అని వచ్చినవాళ్లను చాప మీద పండబెట్టి మూడు ప్రశ్నలు అడిగేది. "నొప్పి లేసినప్పుడు ఏం జేస్తుంటివి? దినాం ఎన్ని చుట్టలు తాగుతవు? మీ నాయిన ఎట్ల పోయిండు?" ఎందుకు అడుగుతుందో ఆమెకూ తెలియదు. అత్త అడిగేదట, ఈమే అడిగేది. జవాబులు మాత్రం ఒక్కటీ మరిచేది కాదు.

అరవైల మొదట్లో నేను సడక్ మీది ఓ చిన్న దవాఖానలో కంపౌండరుగా కుదిరాను. తెల్ల చొక్కా, జేబులో కలం, ఇక నన్ను పట్టేవాడెవడు. ఎల్లవ్వ ఎదురుపడితే, "ఇంక ఎన్నొద్దులు కాలుస్తవు మనుషులను?" అని ఎగతాళి చేసేవాణ్ణి. ఆమె నవ్వేది. "నువ్వు సీసల నీళ్లిస్తవు, నేను కర్రు పెడుత. నొప్పి పోతె అయిపాయె, ఎవలదైతే ఏంది?" అనేది. నాకు మండేది, ఎందుకంటే మా ఇంట్లోనే నా మాట చెల్లేది కాదు. గుట్ట ఎక్కుతుంటే రొమ్ము పట్టేస్తుందని బాపు మొదట చెప్పింది నాకే. గాలి చేరిందన్నాను. దవాఖానలో డాక్టర్ సాబ్‌కు ఒక్క మాట చెప్పకుండా, కడుపు ఉబ్బరానికి వాడే గులాబీరంగు మిక్చరు తెచ్చి తాపించాను. ఆయన తాగి పడుకున్నాడు, నొప్పి పోయింది. రెండోసారి కూడా అట్లాగే పోయింది. "చూసినవా బాపూ" అని ఊరంతా వినేట్టు అన్నాను. మూడోసారి నేను ఊళ్లో లేను. ఆయన ఎల్లవ్వ దగ్గరికి పోయి వాత పెట్టించుకున్నాడు. నాలుగోసారి ఇంట్లో నేనుండగానే మళ్లీ ఆమె దగ్గరికే పోయాడు. దవాఖానకు రమ్మంటే, "నా కొడుకు సూది పొడిస్తె నేను పండుకోవాల్నా?" అని చుట్ట వెలిగించాడు.

ఒకరోజు పొద్దున, ముసురు పట్టి ఉంది. బాపు మళ్లీ ఎల్లవ్వ వాకిట్లోకి పోయాడని మా అమ్మ చెబితే పరుగెత్తాను. వసారాలో చాప మీద పడుకుని ఉన్నాడు, మొహం నిండా చెమట. ఎల్లవ్వ పొయ్యి ముందు కూర్చుని గొట్టంతో ఊదుతోంది. పిడకలు తడిసిపోయి పొగే తప్ప నిప్పు లేదు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. నేను అరుస్తున్నాను, ఆమె ఊదుతోంది. ఇంతలో బాపు లేచి కూర్చున్నాడు.

"ఎల్లక్కా, నొప్పి పోయింది" అన్నాడు.

ఎల్లవ్వ ఊదడం ఆపింది. కర్రును బయటికి తీసి అరచెయ్యి దాని మీద ఆనించింది. చల్లగా ఉంది. కాసేపు దాన్నే చూసింది. "ఎట్లాగు వచ్చిన గద, పెట్టు, మల్ల రాకుంట ఉంటది" అన్నాడు బాపు చొక్కా ఎత్తి. పెట్టి ఉంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. ఆమెకున్న పేరు ఆమెకు నిలిచేది.

"ఎందుకు పెట్టాలె మల్లయ్యా?" అంది. "కర్రు కాలనే లేదు. నువ్వు పండుకున్నవు, నొప్పి పోయింది. ముందుగాల రెండుసార్లు గూడ గిట్లనే పండుకున్నవు. నా కర్రుతోని పోలేదేమో. గిన్నేండ్లు నేను సూసుకోలే." గుమ్మంలోని ఆడవాళ్లు వింటుండగానే అంది.

నేను గెలిచినట్టు నోరు తెరిచాను. ఆమె నా వైపు తిరిగి, "నువ్వు జర ఊకో" అంది. అప్పుడు తట్టింది నాకు. నా మిక్చరు తాగినప్పుడు కూడా బాపు పడుకునే ఉన్నాడు. నోరు మూసుకుని బండి కోసం పరుగెత్తాను. ఆ ముసురులోనే గొంగడి కప్పుకుని ఎల్లవ్వ బాపును బండెక్కించింది. నా మాట కాదన్న మనిషి, "నా చేతుల లేదు మల్లయ్యా, దవాఖానకు నడువు" అని ఆమె అనగానే లేచాడు.

డాక్టర్ సాబ్ పెద్దాయన, నిదానస్తుడు. నొప్పి ఎప్పుడొస్తుంది అని బాపును అడిగితే ఎల్లవ్వ చెప్పింది. గుట్ట ఎక్కితే వస్తది, పండుకుంటె పోతది. దినాం పది చుట్టలు. ఈయన నాయిన గుట్ట మీదనే రొమ్ము పట్టుకుని కూలిండు. డాక్టర్ సాబ్ రాయడం ఆపి నాతో, "ఈమెను నా కుర్చీల కూసోబెట్టి నేను ఇంటికి పోతనయ్యా" అన్నాడు. బాపు దండచేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూశాడు, చాలా ఎక్కువ ఉంది. గుండెకు నెత్తురు తీసుకుపోయే నాళాలు సన్నబడ్డాయన్నాడు. నొప్పి రాగానే కూర్చుని నాలుక కింద పెట్టుకోవడానికి గోలీలు ఇచ్చాడు. చుట్ట మానాలి, ఉప్పు తగ్గాలి, గుట్ట ఎక్కకూడదు. ఆఖరికి నన్ను అడిగాడు. "ఇంట్ల నువ్వుండంగ ఇన్నొద్దులు ఊకున్నవా? ఏమన్న మందు ఇచ్చినవా?"

"లేదు సార్" అన్నాను.

ఎల్లవ్వ తలెత్తి నన్ను చూసింది. మిక్చరు సంగతి ఊరందరికీ చెప్పుకున్నవాణ్ణి నేనే, ఆమెకు తెలియదా. ఆ చూపు కన్నా ఓ చెంపదెబ్బ కొట్టినా బాగుండేది.

బాపు ఉప్పు తగ్గించాడు, మందను చిన్నాయనకు అప్పగించాడు, చుట్ట మాత్రం వదల్లేదు. గొంగడి మడతల్లో దాచుకునేవాడు. ఎల్లవ్వ సాయంత్రాలు వచ్చి ఆయన కుడిచెయ్యి పట్టుకుని వేళ్లు వాసన చూసేది. "నా పెండ్లాం గూడ గింత పరీక్ష చెయ్యదు" అని బాపు నవ్వి తప్పించుకునేవాడు. ఒకరోజు ఆమె నవ్వలేదు. అరుగు మీద కూర్చుని, "మీ నాయినకు ఆఖరి వాత పెట్టింది నేనే మల్లయ్యా" అంది. "మా అత్త పక్కన కూసోని పెట్టించింది. నొప్పి పోయిందని లేసి సంబురంగ గుట్టకు పోయిండు, మల్ల రాలే. ఇన్నేండ్లు గాలి సోకిందనుకున్న. నిన్ను గూడ గట్ల పోనియ్య." బాపు గొంగడి దులిపి, ఉన్న చుట్టలన్నీ ఆమె ఒళ్లో పోశాడు. నేను అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

ఆ తర్వాత ఎల్లవ్వ గొర్రెలకు తప్ప మనుషులకు కర్రు పెట్టలేదు. రొమ్ము నొప్పి అని ఎవరొచ్చినా చాప పరిచి పండబెట్టి, తన మూడు ప్రశ్నలు అడిగి, నా దగ్గరికి పంపేది. ఆ జవాబులు నేను చీటీ మీద రాసి డాక్టర్ సాబ్ ముందు పెట్టేవాణ్ణి. ఎంతమంది బతికారో నాకు లెక్క తెలియదు. బాపు బతికాడు. నా పిల్లల పెళ్లిళ్లు చూసి, మనవరాలి బిడ్డను ఎత్తుకుని మరీ పోయాడు. కడసారి నీళ్లు పోస్తున్నప్పుడు ఆయన రొమ్ము చూశాను. రెండు మచ్చల పక్కన, మూడో వాత పడాల్సిన జాగా నున్నగా ఉంది.

నర్సు పిల్ల పక్క మంచం నుంచి తిరిగి వస్తోంది. "బిడ్డా, జర ఇటు రా" అని పిలిచాను. "ఇందాక అబద్ధం చెప్పిన. దినాం నాలుగు సిగరెట్లు, ఇరవయ్యో ఏట నుంచి తాగుతున్న. మా తాత గుండె ఆగి పోయిండు. మా బాపుకు గూడ గుండెజబ్బే. వీడు నా కొడుకు, యాభై దాటినయ్. వీన్ని గూడ పరీక్ష చేయించుకొమ్మని నువ్వు చెప్పు, నా మాట వినడు." ఆ పిల్ల నవ్వలేదు, కొట్టేసి మళ్లీ రాసుకుంది. నా కొడుకు చొక్కా జేబు తడుముకున్నాడు. కాసేపటికి అందులోంచి సిగరెట్ పెట్టె తీసి మంచం కిందున్న చెత్తబుట్టలో పడేశాడు.

నాళం తెరిచారు, మూడోనాడు ఇంటికి పంపారు. పెరటి గోడ వైపు పోకుండా అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. డాక్టర్ సాబ్ లేడు, ఎల్లవ్వ లేదు. అయినా ఆ రోజు ఏమన్న మందు ఇచ్చినవా అని ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు బాకీ ఉంది. ఇచ్చిన సార్. రెండుసార్లు నేనే ఇచ్చిన.