గట్టు దాకా కాసిన ఆకాశం

ఈ పాత లెన్సు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ముందు నా బొటనవేలికి తగిలేది ఫోకస్ రింగు మీద ఎండిపోయిన మామిడి సొన బొట్టు. నల్లబడి గట్టిపడింది, గోటితో గీకినా రాదు. నిన్న విస్సన్నపేట పెళ్ళికి సామాను సర్దుకుంటుంటే మళ్ళీ తగిలింది. స్టూడియోలో కొత్తగా చేరిన అమ్మాయి స్పిరిటు పెట్టి తుడిచేస్తానంటే కసిరేశాను. పాపం, అది పెట్టింది సుగుణమ్మ గారని దానికేం తెలుసు.

నూజివీడులో ఆడమనిషి ఫోటో స్టూడియో నడపడమేంటని నలుగురూ నవ్వుకునే రోజుల్లో ఆవిడ షట్టరు ఎత్తారు. నేను పనిలో చేరేనాటికి ఏ పెళ్ళికూతురికైనా ఆవిడే కావాలి. నాకు ఆల్బమ్ డిజైనింగు వచ్చు, నోరు అంతకన్నా బాగా వచ్చు. రెండిటినీ ఆవిడ భరించారు. మూఢం వచ్చి పెళ్ళిళ్ళు ఆగిపోతే మేమంతా ఈగలు తోలుకుంటుంటే, ఆవిడ మాత్రం ట్రైపాడ్ తీసుకుని చాట్రాయి దగ్గర పుట్టింటి మామిడి తోటకి బయల్దేరేవారు, ఆకాశాన్ని ఫోటో తియ్యడానికి. "మూఢం గురువుకీ శుక్రుడికే లలితా, మిగతా చుక్కలన్నీ ఖాళీగానే ఉన్నాయి" అనేవారు.

ఒక వేసవిలో ఆవిడ కళ్ళకి నీటికాసులని విజయవాడ డాక్టరు తేల్చారు. చూపు అంచుల నుంచి తగ్గుతూ వస్తుందట, పోయింది తిరిగి రాదట. ఆ మాట స్టూడియోలో కుర్చీలో కూర్చుని, కరెంటు బిల్లు సంగతి చెప్పినంత మామూలుగా చెప్పారు.

"చూపు ఉండగానే మా తోట మీద పాలపుంతని ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క ఫోటోలో చూసుకోవాలే. నువ్వు తియ్యి, నేను చెబుతాను."

సరేనండీ అన్నాను.

అప్పటికే పెద్ద సెన్సారున్న కెమెరా కొన్నాం. పాత ఫిల్ము గడి ఎంతుండేదో దాని సెన్సారూ, అంటే లోపల బొమ్మ పడే పలక, అంత ఉంటుంది. దానికి తగ్గట్టు విజయవాడలో తెలిసినవాళ్ళ దగ్గర బాగా వెడల్పుగా చూసే లెన్సొకటి అడిగి తెచ్చాను. చీకట్లోనూ బోలెడు వెలుగు పట్టే రకం. ఆకాశం మొత్తం ఒక్క నొక్కుతో వచ్చేస్తుందని నా సంబరం. మేడ మీద ఒకటి తీసి కంప్యూటర్లో చూస్తే, మధ్యలో చుక్కలు ఆవగింజల్లా ఎంత ముద్దుగా ఉన్నాయో. ఆవిడ తెరకి ముఖం ఆనించినట్టు వంగి, బొమ్మని పెద్దది చేసి మూలకి జరిపారు. అక్కడ ప్రతి చుక్కకీ రెక్కలు మొలిచి ఉన్నాయి, దీపం చుట్టూ మూగిన ఉసిళ్ళలాగా.

"చిన్న సెన్సారైతే ఈ అంచులు అసలు పడేవే కావు. ఇది లెన్సు ఇచ్చిందంతా పుచ్చుకుంటుంది, మంచీ చెడూ కూడా" అన్నారు.

"మూలలెవరు చూస్తారండీ?"

"మా నాన్న పూత మీద తోటలు కొనేవాడు. నడి తోటలోకి వెళ్ళేవాడే కాదు, గట్టు చెట్లు చూసి ధర చెప్పేసేవాడు. మధ్య చెట్లకేమే, నీళ్ళూ ఎరువూ అందుతాయి, ఎవరి తోటలోనైనా కాస్తాయి. గాలి దెబ్బా గొడ్ల దెబ్బా తినేది గట్టు చెట్టు. అది కాసిందంటే తోట మంచిదన్నట్టే. లెన్సూ అంతే."

బీరువాలోంచి ఫిల్ము కాలం నాటి లెన్సు తీశారు. ఇనప ముద్దలా ఉంది. వెలుగొచ్చే లోపలి రంధ్రాన్ని పూర్తిగా తెరిస్తే దీనికీ మూలల్లో రెక్కలొచ్చాయి గానీ, దాన్ని రెండు క్లిక్కులు మూసేసరికి ముడుచుకున్నాయి. చిక్కల్లా అది చూసే మేర తక్కువ. ఆకాశాన్ని ముక్కలుగా తీసి అతుక్కోవాలి. నేను మూతి ముడిచాను.

"తోటంతా ఒక్క నిచ్చెనేసి కోస్తావా ఏంటి? చెట్టు చెట్టుకీ వెయ్యాల్సిందే" అన్నారు.

అమావాస్య రోజుల్లో తోటకి వెళ్ళాం. కాపలా సాంబయ్య లైటు ఆర్పి, గట్టు పక్కన మంచమేసుకుని పడుకున్నాడు. రింగు మీద దూరానికి గీసిన గుర్తుని నమ్మొద్దన్నారు ఆవిడ. బాగా మెరిసే చుక్కని కెమెరా తెర మీద పెద్దది చేసి, అది సూదిమొన అయ్యేదాకా రింగు తిప్పించారు. తర్వాత పచ్చికాయ ఒకటి తెంపి, తొడిమ దగ్గర కారిన సొనని రింగు మీద బొట్టు పెట్టారు. ఆ బొట్టు లెన్సు మీది గాడికి ఎదురుగా వస్తే ఫోకస్ కుదిరినట్టే.

"చీకట్లో కంటికన్నా వేలు నయమే" అన్నారు.

నేను ట్రైపాడ్ బిగిస్తుండగా తూర్పున చెట్ల తలల మీదుగా పాలపుంత లేచింది. ఆ చుట్టుపక్కలే పుట్టి పెరిగాను, ఎన్ని వేసవులు ఆరుబయట పడుకున్నానో లెక్కలేదు. అయినా అంత ఆకాశం ఉందని నాకు తెలియదు. నొక్కాల్సిన బటన్ మర్చిపోయి నోరు తెరుచుకుని నిలబడ్డాను.

"ఎక్కడి దాకా ఉందే? నాకు మధ్య ముక్కే, అదీ పొగలాగే అందుతోంది" అన్నారు సుగుణమ్మ గారు.

ఆవిడ చెయ్యి పట్టుకుని దక్షిణాన తాటిచెట్ల దగ్గర మొదలుపెట్టాను. నెమ్మదిగా పైకెత్తి, తోటంతా దాటించి, ఉత్తరాన బోరు షెడ్డు మీదకి దించాను. "అమ్మో, అంతుందా" అన్నారు చిన్నగా. ఆ తర్వాత కెమెరా దగ్గరికి వెళ్ళాను. ముక్క తర్వాత ముక్క తీస్తూ పోయాను.

ముక్కలన్నీ అతికాక ప్రింటు గోడలో సగం వచ్చింది. ఆవిడ దానికి దగ్గరగా నిలబడి, అన్నం మెతుకులు ఏరుతున్నట్టు కొంచెం కొంచెంగా ముఖం జరుపుకుంటూ చూశారు. మధ్యలో ఆగనే లేదు. నాలుగు మూలలూ చూశాక, కింది మూలలో సాంబయ్య మంచం దగ్గర ఆగి వేలితో తడిమారు. దాని పైన చివరి చుక్క కూడా గుండ్రంగా, రెక్కల్లేకుండా ఉంది.

"గట్టు దాకా కాసిందే" అన్నారు. ఆ మాట అన్నాక కుర్చీ అడిగి కూర్చున్నారు. నేను పక్కకి తిరిగి ఏడ్చాను.

ఇప్పుడావిడకి వెలుగూ చీకటీ తేడా మాత్రమే తెలుస్తుంది. పెళ్ళి తీసి వచ్చిన మర్నాడు వాళ్ళింటికి వెళ్తాను. కాఫీ చల్లారకుండానే "ఏం తీశావే?" అని అడుగుతారు. ఈరోజు విస్సన్నపేట గ్రూపు ఫోటో చెప్పాను. ఎడమ చివర ఏడుపు మొహంతో పెళ్ళికొడుకు మేనత్త ఉందండీ, కుడి చివర ఒంటి చెప్పుతో వంటాయన ఉన్నాడండీ అని మొదలుపెట్టాను. వధూవరుల దాకా వచ్చేసరికి ఆవిడ నవ్వుతున్నారు.