జానెడుకోసారి పక్క మార్పు

మగ్గం గుంటలోకి దిగబోతూ కాలు జారి మా నాయనకు తుంటి ఎముక విరిగింది. అది ప్రమాదం. ఆ తర్వాత ఆయన ఒంటికి జరిగినదంతా మేము దగ్గరుండి చేసిన సేవ.

అప్పుడు నేను అనంతపురంలో బి.ఏ. ముగించి, ఉద్యోగం దొరికేదాకా అని ధర్మవరంలో ఇంటిపట్టున ఉన్నాను. చదువుకున్నవాణ్ని కాబట్టి నాకు బరువైన పనులు చెప్పలేదు. మంచం పక్కన కూర్చొని నాయనకు పేపరు చదివి వినిపించాలి, అంతే. ఐరోపాలో ఏ దేశం సరిహద్దు ఎక్కడ చిరుగుతోందో రోజూ చదివాను. నాకు మూరెడు దూరంలో, నాయన నడుము కింద చర్మం చిరుగుతోందని మాత్రం తెలీలేదు. అది పేపర్లో రాలేదు.

పెనుకొండ నుంచి వచ్చిన ఎముకల వైద్యుడు కాలికి వెదురుబద్దలతో కట్టు కట్టి, "కదపద్దండి" అని చెప్పి రైలెక్కి వెళ్లిపోయాడు. మా ఇంటికి పెద్ద మా పెదనాయన. ఆయన ఆ మాటను కాలి దగ్గర ఆపలేదు, మనిషంతటికీ వర్తింపజేశాడు. నాయనను లేపకూడదు, పక్కకు తిప్పకూడదు, ఎముక అతుక్కునేదాకా వెల్లకిలానే ఉంచాలి.

పైగా చూడవచ్చేవాళ్లు. మాది పట్టు నేసే ఇల్లు, గుడ్డ నలిగి కనిపిస్తే పరువు పోయినట్టే. అమ్మకానికి పోయే చీర మాదిరి ఉండాలని పెదనాయన మంచం మీది దుప్పటికి చిక్కటి గంజి పెట్టించాడు. అది అట్టలా బిగుసుకొని ఉండేది. పత్యం పేరుతో నాయన కడుపుకూ గంజే. నలగని ఆ దుప్పటి మీద నాయన ఒక్కడే నలిగాడు.

"వీపు కింద నిప్పు పెట్టినట్టుండాది అన్నా," అనేవాడు.

"ఎముక అతుక్కుంటాండాది. ఆ మాత్రం మంట ఉంటాది," అనేవాడు పెదనాయన.

కొన్నాళ్లకు వాసన మొదలైంది. ఇంట్లో అందరికీ తెలిసింది, ఎవరూ అనలేదు. సాంబ్రాణి పొగ వేశారు. వాసన ఎక్కువైన రోజు నేను కూడా నా చేత్తో ఇంకో పలుకు వేశాను.

మాకు నేతకు పట్టుదారం కండెలు చుట్టి తెచ్చే సాయిబుల ఇంటామె ఒకామె ఉండేది. మొగుడు పోయాక కొన్నేళ్లు హిందూపురంలో ఓ ఆస్పత్రిలో ఆయాగా చేసొచ్చిన మనిషి. ఆ రోజు కండెల బుట్ట దించి గుమ్మంలోనే ఆగింది.

"ఏమప్పా, ఇంత పొగ పెట్టినారు? దోమలా?"

"లేదక్కా. మంచిదని."

"మంచిదే. దాని కింద ఏముండాదో చూస్తా, జరుగు."

నాయన నడుము కింద అరచెయ్యి పోనిచ్చి, బయటికి తీసి చూసుకుంది. అమ్మను కేకేసింది. ముగ్గురం కలిసి నాయనను కొంచెం ఒరిగించాం. నడుము కింద ఎముక దగ్గర అరచెయ్యంత పుండు, అంచులు నల్లగా. రెండు మడమలూ ఎర్రగా కమిలి ఉన్నాయి.

"పట్టుపోగు తెగితే రెప్పపాటులో కనుక్కుంటారు మీరు. మనిషి తోలు తెగితే ఇన్ని దినాలు కనుక్కోలేదా? అది కనుక్కోవాలంటే ఎంత చదవల్లప్పా?" అంది నా వైపు చూసి.

బి.ఏ. చాలదన్నాను. ఎవరూ నవ్వలేదు. నవ్వకపోవడమే న్యాయం.

"ఇది ఎముక దాకా పోతే జ్వరం పట్టుకుంటాది. అట్లా పోయినోళ్లను కండ్లారా చూసినా. విరిగిన ఎముకతో ఎవురూ సావలేదు, పండుకోబెట్టిన తీరుతో సచ్చినారు."

"తిప్పితే కట్టు ఊడతాది. వైద్యుడు వద్దన్నాడు," అన్నాడు పెదనాయన.

మర్నాడు నేను పెనుకొండ పోయాను.

"కాలు కదపద్దన్నా. మనిషిని తిప్పద్దని ఎప్పుడన్నా?" అన్నాడు వైద్యుడు. "కాళ్ల నడుమ దిండు పెట్టి, దుంగను దొర్లించినట్టు ఒక్కసారిగా తిప్పండి."

"ఆ మాట ఆరోజే చెప్పుంటే?"

"మీరు అడగలేదు కదప్పా."

తిరుగు రైలు కోసం స్టేషన్‌లో కూర్చొని, ఎవరెవరి మీద కోప్పడాలో వరస వేసుకున్నాను. మొదటివాణ్ని నేనే. మిగతావాళ్లు పెద్దగా వెనకబడి లేరు.

వైద్యుడి మాట ఇంట్లో అందరికీ చెప్పి, గంజి దుప్పటి తీసేసి, ఉతికి ఉతికి మెత్తబడిన అమ్మ పాత చీర పరిచాం. మడమలు మంచానికి ఆనకుండా పిక్కల కింద దిండు పెట్టాం. మరిగించి చల్లార్చిన ఉప్పునీళ్లతో పుండు కడిగాం, తడి తగలకుండా చూశాం. ఎర్రబడిన చోట రుద్దద్దని కండెలామె గట్టిగా చెప్పింది. గంజి మాన్పించి పప్పు, పాలు, గుడ్డు పెట్టించింది. రెండు గంటలకోసారి పక్క మార్చాలంది. ఇంట్లో గడియారం లేదు.

"మగ్గముండాది కదా," అంది. "జానెడు నేసేతలికి రెండు గంటలు. జానెడుకోసారి తిప్పండి."

రాత్రి అమ్మా నేనూ వంతులు వేసుకున్నాం. పగలు గడియారం పెదనాయన చేతిలో ఉంది. నేసేది ఆయన ఒక్కడే మరి. మొదటి రోజు జానెడు కాగానే పిలిచాడు. రెండో రోజు పిలవలేదు, పోగు మోసే నాడె అటూ ఇటూ ఆడుతూనే ఉంది. నేను లేచి బట్ట కొలిచాను. జానెడున్నర.

"పెదనాయనా, అయ్యింది."

"అంచు కాడ ఉండా. ఆపితే తేడా వస్తాది," అన్నాడు తలెత్తకుండా.

నేను వచ్చి కూర్చున్నాను. నా తిరుగుబాటు అంతటితో ముగిసింది.

పెళ్లయి వచ్చిననాటి నుంచి అమ్మ బావ ఎదుట నిలబడి మాట్లాడి ఎరగదు. ఆయన వస్తే తలుపు చాటుకు పోయేది. ఆ రోజు వంటింట్లోంచి వచ్చి, ఆడుతున్న మగ్గం పలకను చేత్తో పట్టుకుంది. మా ఇళ్లలో అది నేసేవాడి చెయ్యి పట్టుకున్నంత.

"రెండు జానలు దాటింది బావా. లేచి కాళ్ల కాడ పట్టుకోండి."

పెదనాయన మొహంలోకి కోపం వచ్చింది, కాసేపు దారి వెతుక్కుంది, దొరక్క పోయింది. ఆయన గుంటలోంచి లేచి కాళ్ల దగ్గర పట్టుకున్నాడు. ఆ తర్వాత జానెడు దాటనివ్వలేదు.

మడమలు ముందు మానాయి. నడుము పుండు అడుగునుంచి మెల్లగా పూడుకుంటూ వచ్చింది, అది మూసుకునేసరికి మగ్గం మీంచి పది చీరలు దిగాయి. అప్పుడొచ్చాడు సోమందేపల్లి నుంచి ఓ చుట్టం, నాయనను చూసిపోదామని.

"నేను కదలనీలేదప్పా," అన్నాడు పెదనాయన ఆయనతో. "మాట మీద నిలబడినా. అందుకే బతికినాడు."

"ఇంటికి పెద్దదిక్కంటే అట్లుండల్ల," అన్నాడు చుట్టం.

అమ్మ వంటింట్లో ఉంది, అన్నీ వినబడుతూనే ఉన్నాయి. చెప్పవలసిన మాటలు నా దగ్గర రెండు భాషల్లో సిద్ధంగా ఉన్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు.

 నాయన దిండు తీసుకొని కాళ్ల మధ్య పెట్టుకున్నాడు, మంచం పట్టె పట్టుకున్నాడు, పళ్లు బిగించి వాళ్లిద్దరికీ వీపు చేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎవరి చెయ్యీ పడకుండా ఆయన పక్క మార్చుకోవడం అదే మొదలు.