కొండ వీపు చూడాలనుకున్న తాతారావు

సముద్రం మీద బతికేవాడికి దారి చెప్పేది సముద్రం కాదు, కొండ. భావనపాడు రేవుకు కాస్త దిగువన, ఇసుక దిబ్బల నడుమనున్న పాతదిబ్బలపేటలో ఈ సంగతి నడక రాని పిల్లలకు కూడా తెలుసు. పడవ ఎంత లోపలికి పోయినా, మహేంద్రగిరి కొన వచ్చి ఊరి తాటితోపు నెత్తిన కూర్చుందంటే ఇల్లు ఎదురుగా ఉన్నట్టే. మూతి మీద మీసం మొలవకముందు నుంచీ తాతారావు ఆ కొండ ముఖం చూసుకునే ఒడ్డు చేరుతున్నాడు. నలభయ్యో పడి దగ్గరపడ్డాక, ఓనాటి పొద్దున చుక్కాని పట్టుకుని ఉండగా అతనికి ఒక సందేహం కలిగింది. వేదాంతులకు కలిగే సందేహాల కోవలోదే అది. ఇన్నేళ్లుగా ఈ కొండ తనకు ముఖమే చూపిస్తోంది గదా, దీని వీపు ఎలా ఉంటుంది?

ఈ సందేహాన్ని అతను పడవలోనే వదిలేసి ఉంటే సుఖపడేవాడు. ఒడ్డుకు తెచ్చి బావమరిది కామేశ్‌కు చెప్పాడు. కామేశ్ వల బాగుచేస్తూ తలెత్తకుండానే తీర్పిచ్చాడు.

"కొండకి ఈపేటి బావా? మడిసికుంతాది, గేదెకుంతాది."

అప్పటికి తొంభైల చివరి రోజులు. ఎండుచేపలు కొనడానికి వచ్చే లారీ డ్రైవర్ మాత్రం తాతారావును చిన్నచూపు చూడలేదు. టెక్కలి నుంచి మెళియాపుట్టి మీదుగా పర్లాకిమిడి చేరి, అక్కణ్ణుంచి ఘాటీ రోడ్డు ఎక్కి ఉదయగిరి, చంద్రగిరి, మోహన దాటి, తప్తపాణి వేడినీళ్ల గుండం దగ్గర దిగి, బరంపురం నుంచి పలాస వచ్చేస్తే కొండ చుట్టూ ప్రదక్షిణ చేసినట్టేనని చెప్పాడు. దారి పొడవునా అడవేనట. నడివేసవిలో కూడా పొద్దుటి పూట చలేస్తుందట. తాతారావు భార్య చిన్నమ్మి ఎండబెట్టిన నెత్తళ్లు వారం వారం ఆ ఘాటీ ఎక్కి కొండ సంతల్లో అమ్ముడవుతూనే ఉన్నాయి. చేప కొండెక్కింది గానీ, దాన్ని పట్టినవాడు ఇంకా కిందే ఉన్నాడు. ఈ అన్యాయం తాతారావును బాగా కుదిపేసింది.

బదిలీ మీద పోతున్న ఒక పశువుల కాంపౌండరు టెక్కలిలో తన పాత మోటార్‌సైకిల్ అమ్ముతున్నాడని తెలిసి, తాతారావు వెళ్లి దాన్ని తోలుకొచ్చాడు. వేసవిలో, చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు మరపడవలకు వేట ఆపేయిస్తుంది. ఊరంతా ఒడ్డున కూర్చుని ఆవులించే ఆ రోజుల్లో తను కొండకు పోవాలని అతని పథకం. పథకంలో లోపమేమీ లేదు. పాతదిబ్బలపేటలో మోటార్‌సైకిల్ అదొక్కటే కావడం ఒక్కటే చిక్కు.

బండి ఊళ్లోకి వచ్చిన వారానికే దాని మీద తాతారావుకున్న హక్కు, సముద్రం మీద అతనికున్న హక్కుతో సమానమైంది. నెలలు నిండిన కోడళ్లు దాని మీదే టెక్కలి ఆస్పత్రికి వెళ్లారు. జ్వరమొచ్చినవాళ్లు, మంచుగడ్డ కావలసినవాళ్లు, నిమ్మాడలో సంబంధం చూడబోయేవాళ్లు, అలిగి పుట్టింటికి పోయేవాళ్లు, పోయినవాళ్లను తేబోయేవాళ్లు, అందరూ దాని మీదే. స్వేచ్ఛ కోసం కొన్న వాహనాన్ని నడపడానికి ఒక బానిస కావలసివచ్చాడు. ఆ ఉద్యోగం తాతారావుకే దొరికింది. పైగా వేట లేని రోజుల్లోనే మగాళ్లందరూ ఊళ్లో ఉంటారు గనుక పేటలో పెళ్లిళ్లన్నీ అప్పుడే. వేసవి తర్వాత వేసవి, కొండదారి కోసం తుడిచి పెట్టుకున్న బండి మీద ఎవరో ఒక పెళ్లికొడుకు బాసికం కట్టుకుని కూర్చునేవాడు.

ఇక అతను కొండకు పోదలచాడన్న మాట పొక్కాక, ఊరు ఆ ప్రయాణాన్ని కూడా తన చేతుల్లోకి తీసుకుంది. ఒంటరిగా పోకూడదని కొందరు తీర్మానించారు. కామేశ్‌ను వెంటబెట్టుకోమన్నారు. మోహన నుంచి కొండ పసుపు, ఉదయగిరి నుంచి తేనె పురమాయించారు. కీళ్లనొప్పుల సూరమ్మ తనను వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లి వేడినీళ్ల గుండంలో ముంచి తెమ్మంది. ఒకప్పుడు ఒక మనిషి మనసులో పుట్టిన ముచ్చట, వేసవులు గడిచేకొద్దీ ఊరందరి పనీ అయిపోయింది.

ఈలోగా రెండువేల సంవత్సరం వచ్చి, అదీ పాతబడింది. తుఫాను దెబ్బకు ఆగిపోయిన అమ్మవారి సంబరాన్ని మళ్లీ మొదలుపెట్టాలని పెద్దలు తలచారు. సంబరానికి చాటింపు వేశాక, ఘటాన్ని సాగనంపేదాకా ఊరివాడెవడూ పొలిమేర దాటి రాత్రి పడుకోకూడదు. ఇది తాతారావుకు తెలుసు. సంబరం వేట ఆగిన రోజుల నడిమధ్యన పడిందంటే తన వేసవికి అటూ ఇటూ ముక్కలే మిగులుతాయి. మొదట్లోనే జరిపించేస్తే, ఆపైన మిగిలిన వేసవి అంతా అతనిదే.

అందుకని పెద్దల సభలో, ఇంకా చుట్టలు వెలిగించుకోవడం కూడా పూర్తికాకముందే, అతను లేచి నిలబడ్డాడు. అమ్మోరి పని ఆలస్యం కాకూడదన్నాడు. వేట ఆగిన మర్నాడే చాటింపు వేయించాలన్నాడు. ఇంత భక్తి అతనిలో ఎన్నాళ్లుగా దాగి ఉందో ఎవరికీ తెలియదు. ఊరిపెద్ద అప్పలస్వామి చుట్ట నోట్లోంచి తీసి, చేతులు జోడించాడు.

"కూకో తాతారావా. ముందు మాట నీదే అయింది. ఘటం నీ నెత్తికే రాసుంది."

ఆ పేటలో ఆచారమది. సంబరం మాట సభలో మొదట ఎవరు తెస్తే, అమ్మవారు వాణ్ణి కోరుకున్నట్టు. అందుకే తెలిసినవాళ్లంతా ఎదుటివాడు నోరు తెరిచేదాకా చుట్టలు వెలిగించుకుంటూ ఉంటారు. కిందటి సంబరం సభ నాడు తాతారావు తప్పతాగి పడవ నీడన పడుకుని ఉన్నందువల్ల ఈ నియమం అతని చెవిన పడలేదు.

"నాను తారీకు మాటన్నాను గానీ…" అని అతను నసిగాడు.

"అన్నది నువ్వు కాదురా. నీ నోట అమ్మోరు," అన్నాడు అప్పలస్వామి.

ఘటం మోసేవాడికి నియమాలు చెప్పారు. పొద్దూ సాయంత్రం పసుపు కుండ నెత్తినెత్తుకుని డప్పుల వెనక గడపగడపకూ తిరగాలి. చాటింపు ఎప్పుడు వేసినా, వేట మళ్లీ మొదలయ్యే ముందురోజే ఘటాన్ని సాగనంపేది; ఇదీ తాతారావు ఎరగనిదే. అందాకా కాలికి చెప్పు లేదు, పూటే భోజనం. పొలిమేర దాటకూడదు, బండెక్కకూడదు, ఎవరి మీదా కోపంగా మాట జారకూడదు. ఒకసారి తలకెత్తుకున్నాక వరసగా మూడు వేసవులు మోయాలి. తాతారావు తన వేసవిని కాపాడుకోబోయి మూడు వేసవుల్ని స్వయంగా అమ్మవారి చేతుల్లో పెట్టి వచ్చాడు.

మొదటి వేసవి అలా గడిచింది. సాయంత్రాలు ఘటం దించాక అతను దిబ్బ మీద కూర్చుని పడమటి వైపు చూసేవాడు. కొండ ఎప్పటిలాగే ముఖం చూపించేది. ఊళ్లో గౌరవానికి మాత్రం లోటు లేదు. బండి అడగడానికి వచ్చినవాళ్లు కూడా ముందు అతని కాళ్లకు దండం పెట్టి, తర్వాతే తాళం చెవి అడిగేవారు.

రెండో వేసవి వచ్చేసరికి అతనిలో ఆశ చిక్కి సగమైంది. కళ్లతో చూడలేకపోతే పోయె, చూసినవాళ్ల నోట వింటే చాలుననుకునే దశకు దిగివచ్చాడు. ఒకనాడు చిన్నమ్మిని కూర్చోబెట్టి, తమ్ముడు కామేశ్‌తో కలిసి బండి మీద వెళ్లిరమ్మన్నాడు.

"నాకెందుకు మావా కొండలు? నెత్తళ్లు ఎవులు తిరగేత్తారు?" అంది చిన్నమ్మి.

"నెత్తళ్లు ఓ రోజు ఆటికవే ఎండుతాయి. నువ్వెల్లు. కొండెనకాపు ఎలాగుంతాదో నీ కళ్లతో సూసొచ్చి నాకు సెప్పు. సెట్లు, నీడ, రంగు, అన్నీ సెప్పాల. నీకైతే గురుతుంతాది. ఆడికి సూసిందొకటి, సెప్పేదొకటి."

అలా అడగడం అతని స్వభావంలో లేదు. చిన్నమ్మి అతని పసుపు పాదాల వైపు చూసి, సరేనంది. చుట్టూ తిరిగి రావాలంటే దారిలో రాత్రి ఆగాలి, చాటింపు ఒప్పుకోదు. కాబట్టి పర్లాకిమిడి దాటి, ఘాటీలో వీపు కనిపించేదాకా పోయి, చీకటి పడేలోగా వచ్చేయాలని నిర్ణయం. తాతారావు గొలుసుకు నూనె పెట్టాడు, టైర్లు నొక్కి చూశాడు, ఏ వాగు దగ్గర గేరు తగ్గించాలో, తను ఎన్నడూ చూడని వాగు గురించి, కామేశ్‌కు వివరంగా బోధించాడు. తెల్లవారుతుండగా వాళ్లు వెళ్లిపోయారు. బండి చప్పుడు జీడితోటల్లో కలిసిపోయేదాకా అతను పొలిమేర రాయికి ఇవతలే నిలబడ్డాడు.

ఆ రోజు ఘటం కాస్త వంకరగా నడిచిందని ఊళ్లో చెప్పుకున్నారు. సాయంత్రం డప్పులవాళ్లు పిలిచేదాకా ఆగకుండా తాతారావే ఘటం ఎత్తుకుని, వాళ్లను వెంటబెట్టుకుని, పొలిమేర వైపున్న ఇళ్ల దగ్గరే మెల్లగా తిరిగాడు. పొద్దుగూకుతుండగా బండి వచ్చింది. చక్రాలకు ఎర్రమట్టి అంటి ఉంది. కామేశ్ ముఖం ముడుచుకుని ఉంది. చిన్నమ్మి దిగి, చెరగుతో ముఖం తుడుచుకుంది.

తాతారావు నెత్తిన కుండ కదలకుండా అడిగాడు.

"సెప్పు."

"పర్లాకిమిడి దాటినాం. ఘాటీ ఎక్కినాం. నువ్వన్నట్టే సలవ మావా, ఎండే దిగదు కిందకి. అలాగెల్లగా ఎల్లగా ఓ మలుపు కాడ టీకొట్టాయన సెప్పినాడు, ఈ మలుపు తిరిగితే మీ కొండ ఎనకాపు మొత్తం అవుపిత్తాదని."

"తిరిగితే?"

"తిరగనేదు. అక్కడే బండాపించీసినాను."

డప్పులవాళ్లు కూడా ఆగారు.

"నువ్వు ఇన్నేళ్లు కలగన్నది. నువ్వు సూడకుండా నా కల్లెట్టుకుని నానెలాగ సూత్తాను? మనసొప్పనేదు. అటు ఈపెట్టి కూకుని టీ తాగీసి ఎనక్కొచ్చీసినాం."

"నన్నూ సూణ్ణివ్వనేదు బావా," అన్నాడు కామేశ్. "రెండడుగులేస్తే సాలు. కాల్లట్టుకున్నంత పని సేసినాను. రెక్కట్టుకుని లాక్కొచ్చీసింది."

ముందుగా అప్పలస్వామికి కళ్లు చెమ్మగిల్లాయి. భార్య అంటే ఇలా ఉండాలన్నాడు. సూరమ్మ మెటికలు విరిచి దిష్టి తీసింది. చిన్నమ్మి ఇంత పట్టుదలగా చూపు దాచుకున్నాక తాతారావు లేకుండా ఆ దారిన ఎవరూ పోవడం మర్యాద కాదని, ఘటం వేసవులు ముగిశాక అందరూ కలిసి ఒక జీపు కట్టించుకుని వెళదామని అక్కడికక్కడే నిశ్చయమైపోయింది. జీపులో ముందు సీటు సూరమ్మ కీళ్లకు కేటాయించారు.

తాతారావు గొంతులోకి ఎన్నో మాటలు వచ్చాయి. వాటిలో ఒక్కటీ ఘటం మోసే మనిషి పలకదగింది కాదు. చిన్నమ్మి దగ్గరకొచ్చి, కుండ మీంచి జారబోతున్న వేపమండను సర్ది, మెల్లగా అడిగింది.

"ఏటి మావా, కోపమొచ్చిందేటి?"

అతను ఆమెను చూశాడు. ఎర్రమట్టి ఆమె చీర అంచుకూ అంటి ఉంది.

"నేదు," అన్నాడు. "మంచి పని సేసినావు."

డప్పు మోగింది. ఇంకా వెళ్లవలసిన గడపలు చాలా ఉన్నాయి.